ఆక్సీమీటరు అంకెకు ముందు నాడి లెక్క

గుంటూరు మిర్చి యార్డులో 30 ఏళ్లు గుమస్తాగా పనిచేసిన నాకు సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నదని తేలి నాలుగేళ్లయింది (చుట్ట అలవాటు కూడా ఉండేది, దాచను). గత డిసెంబరులో ఒక తెల్లవారుజామున వేలికి తగిలించే ఆక్సీమీటరు రక్తంలో ఆక్సిజన్ 82 శాతం, గుండె వేగం 46 అని చూపగా, ఆయాసం పెరగకపోయినా మా అబ్బాయి కంగారుపడి ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. అక్కడ 91 వచ్చింది.

ఆ పరికరం వేలిగుండా ఎరుపు, పరారుణ కాంతిని పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఆ కాంతిని ఎంత పీల్చుకుంటున్నదో కొలుస్తుంది కనుక, చలికి వేలిలో రక్తప్రసరణ తగ్గితే నాడినే సరిగా పట్టుకోలేదని డాక్టరుగారు వివరించారు. నాడి తప్పితే ఆక్సిజన్ అంకెనూ నమ్మలేము.

అప్పటినుంచి 5 నిమిషాలు కూర్చుని, అరచేతులు రుద్దుకొని, చేతిని ఛాతీ ఎత్తున కదలకుండా ఉంచి, అంకె నిలకడగా ఉన్నాకే రాసుకుంటున్నాను. ఈలోగా మా ఆవిడ గడియారం చూస్తూ నా రెండో చేతి మణికట్టు దగ్గర నిమిషంపాటు నాడి లెక్కిస్తుంది. రెండు లెక్కలూ కలవకపోతే వేలు మారుస్తాను. శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్ మందు పీల్చిన వెంటనే గుండె వేగం పెరగవచ్చు కనుక అప్పుడు కొలవను.

నాకు నిర్దేశించిన ఆక్సిజన్ పరిధి 88 నుంచి 92 శాతం. అంకె 98కి చేరాలని ఆక్సిజన్ అందించే యంత్రం కాన్సెంట్రేటరును పెంచితే నాలాంటివారి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకొనే ప్రమాదం ఉన్నదని చుట్టాలను ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. చెయ్యి వెచ్చగా ఉన్నా 88 కంటే తక్కువే వస్తే, లేదా అంకె ఎంతున్నా ఆయాసమో మగతో పెరిగితే, మళ్లీ మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి బయలుదేరుతాము.