సద్దులేని కంప్యూటర్ – నాలుగో పాఠం: గాలి ఎటు నుంచి ఎటు

పోయిన పాఠంలో మదర్‌బోర్డు మీద ఫ్యాన్ పిన్నులు ఎక్కడెక్కడ ఉంటాయో గుర్తుపట్టాం. మూడు పిన్నుల ఫ్యాన్ వేగం తగ్గాలంటే వోల్టేజీ తగ్గించాలి, నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్‌కి నాలుగో తీగలో వచ్చే సంకేతమే చాలు అని కూడా చూశాం. ఈసారి ఇప్పుడున్న ఫ్యాన్లతోనే క్యాబినెట్‌లో గాలి ఎటు పోతోందో కనిపెడదాం. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి కొత్తవి కొనడం ఆ తరవాతి పని. దయచేసి ఈ వరస మార్చకండి.

ముందుగా వేడి లెక్క. ఏ ఫ్యాన్ అయినా గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది, దానికంటే చల్లగా చేయలేదు. ఇంటర్నెట్‌లో చూసే పరీక్షలు చాలావరకు ఇరవై చిల్లర డిగ్రీల గదిలో చేసినవి. మే నెల చెన్నైలో ఏసీ లేని గదిలో 35 డిగ్రీలు మామూలే. అందుకని ప్రాసెసర్ ఎంత వేడెక్కింది అనే అంకెను ఒక్కదాన్నే చూడకండి. అందులోంచి గది వేడి తీసేసి చూడండి. 35 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 75 చూపిస్తే తేడా 40. అదే మెషీన్ 24 డిగ్రీల ఏసీ గదిలో, అదే పని చేస్తూ దాదాపు 64 చూపిస్తుంది. ప్రాసెసర్ మీది కూలర్ రెండు చోట్లా ఒకేలా పనిచేస్తోంది. ఈ సంగతి తెలియక చాలామంది 75 చూడగానే టెన్షన్ పడి ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడులో పెట్టేసి, ఆ హోరులోనే రోజంతా కూర్చుంటారు. ఇప్పటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు సాధారణంగా 95, 100 డిగ్రీల దగ్గరికి వస్తే తప్ప తమ వేగం తగ్గించుకోవు. ఎండాకాలంలో 75 అంటే భయపడాల్సిన అంకె కాదు.

ఇప్పుడు క్యాబినెట్ పక్క తలుపు తీయండి. ప్రతి ఫ్యాన్‌కీ ఒక వైపు రెక్కలు తెరిచినట్టు కనిపిస్తాయి. రెండో వైపు మధ్యలో ఉన్న మోటారును పట్టుకుని మూడు నాలుగు ప్లాస్టిక్ కాళ్ళు ఉంటాయి. మామూలు ఫ్యాన్లలో గాలి తెరిచిన వైపు నుంచి లోపలికి వెళ్ళి కాళ్ళున్న వైపు నుంచి బయటికి వస్తుంది. కొన్నింటి చట్రం మీద చిన్న బాణం గుర్తులు కూడా ఉంటాయి. అందానికి కాళ్ళ వైపు దాచేలా రెక్కలు తిప్పి, గాలిని ఎదురు దిశలో తోసే ఫ్యాన్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి కాబట్టి, బాణం ఉంటే బాణాన్నే నమ్మండి. ఒక కాగితం మీద క్యాబినెట్ బొమ్మ గీసి ప్రతి ఫ్యాన్ దగ్గరా బాణం వేసుకోండి. అంతా అయ్యాక తలుపు మూసేయండి. తలుపు తెరిచి ఉంటే గాలి దారే మారిపోతుంది, పరీక్షకు అర్థం ఉండదు.

పరీక్షకు కావలసింది ఒక్క అగరుబత్తి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, కిటికీలు మూయండి, కంప్యూటర్‌కి ఏదైనా బరువైన పని ఇచ్చి పది నిమిషాలు ఆగండి. అగరుబత్తి వెలిగించి ముందు జాలీకి బెత్తెడు దూరంలో పట్టుకోండి. నుసి జాలీ మీద రాలకుండా కింద చిన్న పళ్ళెం ఉండాలి. పొగ నిటారుగా లేస్తూ ఉన్నట్టుండి వంగి జాలీలోకి పోతే, అక్కడ గాలి లోపలికి వెళ్తున్నట్టు. వెనక ఫ్యాన్ దగ్గర పొగ చెదిరి దూరంగా కొట్టుకుపోవాలి. ఆ తరవాత గ్రాఫిక్స్ కార్డు స్లాట్ల పక్కనున్న సన్నని సందుల దగ్గర పెట్టండి. అక్కడ కూడా పొగ లోపలికి పీల్చుకుపోతుంటే, లోపలికి వచ్చే గాలి కంటే బయటికి పోయేది ఎక్కువగా ఉందన్నమాట. ఆ లోటు భర్తీ చేసుకోడానికి క్యాబినెట్ ప్రతి సందులోంచీ గాలి లాక్కుంటోంది. సందులకు ఫిల్టర్ ఉండదు కాబట్టి దుమ్మంతా ఆ దారినే లోపలికి చేరుతుంది. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రం పక్క ఇళ్ళలో ఉప్పుతేమ కూడా తోడై, ఆ దుమ్ము రెక్కలకు అట్టలా పట్టుకుంటుంది. రెక్క మీద బరువు ఒక పక్కకు ఒరిగిందంటే ఫ్యాన్ వణుకుతుంది, శబ్దం పెరుగుతుంది. అందుకే చెన్నై ఇళ్ళకు నా ఓటు లోపలికి కాస్త ఎక్కువ గాలి తెచ్చే ఏర్పాటుకే: ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, ముందు జాలీకి కడుక్కోగలిగిన ఫిల్టర్.

పై కప్పులో ఫ్యాన్ పెట్టాలనుకుంటే వెనక మూలకే పెట్టండి. పైన ముందు మూలలో బయటికి ఊదే ఫ్యాన్ పెడితే, ముందు నుంచి వచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ దాకా చేరనివ్వకుండా అటునుంచటే బయటికి పంపేస్తుంది.

ఇక్కడ చాలా ఇళ్ళలో కనిపించే మరో ఇబ్బంది కంప్యూటర్ టేబుల్. సీపీయూ పెట్టడానికి మూడు పక్కలా మూసిన అర ఇస్తారు, కొన్నింటికి ముందు తలుపు కూడా ఉంటుంది. అందులో అగరుబత్తి పరీక్ష చేస్తే వెనక నుంచి వచ్చిన పొగ పక్కల మీదుగా తిరిగి ముందు జాలీలోకే వెళ్ళడం కళ్ళారా చూడొచ్చు. తాను వదిలిన వేడిగాలినే మళ్ళీ మళ్ళీ పీల్చుకునే మెషీన్‌కి ఎంత ఖరీదైన ఫ్యాన్ పెట్టినా లాభం లేదు. దాన్ని బయటికి తీసి పొట్టి స్టూలు మీద పెట్టండి, వెనక గోడకు జానెడు ఎడం ఉంచండి. పైసా ఖర్చు లేకుండా దక్కే ఫలితం ఇది.

ఇవన్నీ సరిచేశాక ఇంకా హోరు ఉంటే అప్పుడు ఫ్యాన్ కొనే మాట. దీనికి గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి కూడా సగం అవుతుంది. కానీ శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అదే రకం ఫ్యాన్ ఇంకొకటి పక్కన చేరిస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే ఒక ఫ్యాన్‌ని ఫుల్ స్పీడులో తిప్పే బదులు రెండింటిని సగం వేగంతో తిప్పితే, అడ్డం లేని చోట గాలి అంతే వస్తుంది, శబ్దం మాత్రం 12 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. చెవికి ఇది చాలా పెద్ద తేడా. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి బదులు 140 పట్టే చోటుంటే 140 వేయమనడానికి కారణమూ ఇలాంటిదే. రెక్క పెద్దదైతే నెమ్మదిగా తిరిగినా గాలి సరిపోతుంది.

అయితే ఒక మెలిక ఉంది. వేగం సగమైతే గాలిని తోసే ఒత్తిడి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఖాళీ చోట దీంతో పేచీ లేదు. దట్టమైన ఫిల్టర్ వెనక, లేదా లిక్విడ్ కూలర్ నీటిని చల్లార్చే రేడియేటర్ మీద పెట్టినప్పుడు ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కానీ గాలి దాటదు. అలాంటి చోటికి పెట్టె మీద స్టాటిక్ ప్రెషర్ (ఆ తోసే ఒత్తిడి) అంకె బాగున్న ఫ్యాన్ తీసుకోవాలి. ముందు భాగమంతా గాజుతో మూసి, పక్కన వేలెడు సందు వదిలిన క్యాబినెట్‌కి మాత్రం ఏ ఫ్యాన్‌తోనూ న్యాయం జరగదు. క్యాబినెట్ ఇంకా కొననివాళ్ళు జాలీ ముఖం ఉన్నదే తీసుకోండి.

పెట్టె మీద రాసిన డెసిబెల్ అంకెతో రెండు కంపెనీలను పోల్చకండి, కొలిచే దూరం, పద్ధతి వేరువేరుగా ఉంటాయి. దాని బదులు వేగం ఎక్కడి నుంచి ఎక్కడికో చూడండి. ఆర్కిటిక్ కంపెనీ పీ12 పీడబ్ల్యూఎం నిమిషానికి 200 నుంచి 1800 చుట్ల (ఆర్‌పీఎం) దాకా తిరుగుతుంది. కింది అంకె అంత తక్కువ ఉందంటే ఖాళీగా ఉన్నప్పుడు వినబడనంత నెమ్మదిగా తిప్పుకోవచ్చు. నాక్టువా వాళ్ళ ఎన్‌ఎఫ్-ఏ12x25 పనితనం ఇంకా మెరుగు, ధర కూడా అలాగే ఉంటుంది. మూడు ఫ్యాన్లు కావలసిన మామూలు ఇంటికి నేను మొదటిదే చెబుతాను. బేరింగ్ సంగతి కూడా అడగండి. స్లీవ్ బేరింగ్ చవక, కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది, కానీ వేడికి దాని నూనె త్వరగా ఎండిపోతుంది, పడుకోబెట్టి బిగిస్తే ఇంకా త్వరగా అరుగుతుంది. మన ఎండలకు ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ నయం. షాపులో సైలెంట్ ఫ్యాన్ అని అడిగితే రంగుల లైట్ల సెట్ చేతిలో పెట్టొచ్చు. పరిమాణం, నాలుగు పిన్నులు, కనిష్ఠ వేగం, బేరింగ్ ఇవి చీటీ మీద రాసుకెళ్ళి చూపించండి.

ఈ వారం అభ్యాసం. అరలో ఉన్న మెషీన్‌ని ఉన్నచోటే ఉంచి, పావుగంట బరువైన పని తరవాత ప్రాసెసర్ వేడి, గది వేడి, ఫ్యాన్ ఆర్‌పీఎం మూడూ రాసుకోండి. బయటికి తీసి, ఫ్యాన్ల దిశలు సరిచేసి, మళ్ళీ అదే పని ఇచ్చి రాయండి. గది వేడి తీసేసిన తేడాలనే పోల్చండి. వచ్చే పాఠంలో మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీత, గీయబోతున్నాం, ఆ అంకెలు లేకుండా గీత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. లిక్విడ్ కూలర్ ఉన్నవాళ్ళు ప్రాసెసర్‌తో పాటు నీటి వేడి కూడా రాయండి, మీ కూలర్ దాన్ని చూపించేదైతే.