ఎప్పుడూ ఆలస్యమే అవుతోందా? ముందు అది ఏ రకం ఆలస్యమో తేల్చుకోండి

ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా చేరే వ్యక్తికీ, మామూలుగా వేళకే చేరుతూ ఎప్పుడో ఒకసారి గంట ఆలస్యమయ్యే వ్యక్తికీ ఒకే సలహా పనికిరాదు. తెల్లవారుజామున లేవండి, అలారం పెట్టుకోండి అని అందరికీ ఒకే మాట చెప్పడం వల్ల చాలామంది నాలుగు రోజులు ప్రయత్నించి, ఇక ఇది మన స్వభావమేనని వదిలేస్తున్నారు. ఇందులో స్వభావం పాలు తక్కువ, లెక్క తప్పడం పాలు ఎక్కువ అన్నది నా దృఢమైన అభిప్రాయం.

సమస్య: ఎక్కడికి వెళ్లినా కొద్ది నిమిషాలు తప్పక ఆలస్యం

చేరవలసిన సమయాన్ని గుర్తుపెట్టుకుని, బయలుదేరవలసిన సమయాన్ని నిర్ణయించుకోకపోవడమే దీనికి కారణం. కాజీపేటలో ఉదయం 7:00 గంటల రైలు ఎక్కాలనుకుందాం. హన్మకొండ చౌరస్తా నుంచి బండి మీద ఇరవై నిమిషాలు చాలని 6:35కు బయలుదేరడానికి లేచేవారు దారిని మాత్రమే లెక్కించారు. చెప్పులు వేసుకోవడం, నీళ్ల మోటార్ బంద్ చేయడం, తాళం వేసి అది పడిందో లేదో మళ్లీ లాగి చూడడం, హెల్మెట్ కోసం వెనక్కి వెళ్లడం ఆ లెక్కలో లేవు. స్టేషన్ దగ్గర బండి స్టాండులో పెట్టి చీటీ తీసుకోవడం, టికెట్ వరుస, మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి చేరడం కూడా లేవు.

కాబట్టి వెనుక నుంచి లెక్కించండి. 6:50కి ప్లాట్‌ఫారం మీద ఉండాలంటే 6:35కు స్టాండులో ఉండాలి. అందుకు 6:15కు బండి కదలాలి. అందుకు 6:05కు చేతిలోని పని ఆపాలి. అలారం పెట్టవలసింది ఈ 6:05కే. టికెట్‌ను ఫోన్‌లోనే తీసుకుంటే వరుసలో నిలబడే పని తప్పుతుంది. పెళ్లి జరిపించే పురోహితుడు చేసేది సరిగ్గా ఇదే: జీలకర్ర బెల్లం 11:14కు పెట్టించాలంటే ఎదుర్కోళ్లు, గౌరీపూజ ఎప్పటికి ముగియాలో ముందే నిర్ణయిస్తాడు. నిమిషాలతో సహా ముహూర్తం పాటించగలిగిన కుటుంబాలకు ఈ నేర్పు కొత్తది కాదు.

సమస్య: కొన్ని రోజుల్లో మాత్రమే భారీ ఆలస్యం

ఇక్కడ తప్పు, అన్నీ అనుకూలించిన రోజును ప్రమాణంగా తీసుకోవడంలో ఉంది. హైదరాబాదు బస్సు ఘట్‌కేసర్ వరకు ఎంత వేగంగా వచ్చినా, అక్కడి నుంచి ఉప్పల్ చేరడానికి ఏ రోజు ఎంత పడుతుందో చెప్పలేము. ఇంటర్వ్యూ, పరీక్ష, కోర్టు వాయిదా వంటి వాటికి, మీరు చూసిన ప్రయాణాల్లో బాగా ఆలస్యమైనదానినే లెక్కలోకి తీసుకోండి. నిమిషం దాటితే గేటు మూసే ప్రవేశ పరీక్షలకు కేంద్రాన్ని ముందురోజే చూసిరావడం తప్పనిసరి. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ములుగు వైపు పని పెట్టుకోకపోవడమే మంచిది.

సమస్య: రాసుకున్న పనుల్లో సగం కూడా పూర్తికావు

మన పనికి పట్టే సమయాన్ని మనం తక్కువగా అంచనా వేస్తామని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే గుర్తించారు. 1994లో ప్రచురితమైన రోజర్ బ్యూలర్ బృందం పరిశోధనలో, పరిశోధన వ్యాసం సుమారు 34 రోజుల్లో ముగుస్తుందని విద్యార్థులు అంచనా వేయగా, సగటున 55 రోజులకు పైగా పట్టింది. ఇదే పని పోయినసారి ఎంతసేపు పట్టిందో మన దగ్గర వివరం ఉన్నా దాన్ని చూడకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. ఒక వారం పాటు ప్రతి పని మొదలైన వేళ, ముగిసిన వేళ రాసిపెట్టి, తరువాతి వారం ప్రణాళికను ఆ అంకెలతోనే వేసుకోండి. రోజుకు మూడు పనులకు మించి పట్టవని తేలితే, మూడే రాసుకోవాలి.

సమస్య: మాట ఇచ్చిన సంగతే మరచిపోవడం

కొన్ని ఫోన్‌లో, కొన్ని గోడ క్యాలెండర్ మీద, కొన్ని చీటీల్లో ఉంటే ఏదో ఒకటి జారిపోతుంది. ఒకే చోట రాయండి, అంతే.

సమస్య: ఆలస్యం అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

చౌరస్తా దాటకముందే "ఐదు నిమిషాల్ల ఆడుంట" అని చెప్పడం వల్ల అవతలివారు తమ పని చేసుకోలేరు, మన కోసం ఎదురుచూడనూలేరు. ఆలస్యమవుతుందని తెలిసిన వెంటనే, అంటే చేరవలసిన సమయానికి ముందే, ఫోన్ చేసి ఉన్న చోటు ఉన్నట్టుగా చెప్పండి: "నేనింకా ఫాతిమానగర్ బ్రిడ్జి దగ్గరే ఉన్నాను, వచ్చేసరికి పదీ నలభై అవుతుంది, అప్పటిదాకా మీరు వేరే పని చూసుకోండి." ఆ సమయం చెప్పేటప్పుడు, మనసుకు తోచినదానికి పది నిమిషాలు కలిపి చెప్పాలి, రెండోసారి ఫోన్ చేసి మరింత ఆలస్యమని చెప్పవలసిన పరిస్థితి అప్పుడు రాదు.