పాత కామిక్స్ తీరు వీధిచిత్రాల స్క్రీన్ ప్రింట్లు: ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి?

1999 నుంచి న్యూయార్క్‌లో కలిసి పనిచేస్తున్న ఫెయిల్ అనే ఇద్దరి జట్టు, లండన్‌లో డి-ఫేస్ వంటి వీధి చిత్రకారులు పాత చౌక కామిక్స్‌లోని కన్నీటి నాయికలను, పిస్తోలు వీరులను తెచ్చి గోడలకెక్కించారు. అలాంటి బొమ్మలనే కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో కొన్ని ప్రతులు మాత్రం అచ్చువేసి, సంతకం పెట్టి అమ్ముతారు. డిటెక్టివ్ నవలల అట్టలు చూస్తూ పెరిగిన మనవాళ్లకు ఇవి చూడగానే నచ్చేస్తాయి. విజయవాడలో కూర్చుని వీటిని సేకరించవచ్చు. అయితే కొనడం కంటే ముందు చూడడం నేర్చుకోవాలి.

శుభలేఖతో మొదలుపెట్టండి

ఇంట్లో స్క్రీన్ ప్రింటింగ్ చేసిన పాత శుభలేఖ ఉంటే తీసి, అక్షరాల మీద వేలు పోనివ్వండి. సిరా కాస్త ఎత్తుగా తగులుతుంది. మీరు డబ్బు పెట్టేది ఆ పొరకే. తర్వాత ఊళ్లో శుభలేఖలు అచ్చువేసే షాపుకు వెళ్లి, అడిగి, ఒక అరగంట పక్కన నిలబడండి. చట్రానికి సన్నటి వల లాంటి బట్ట బిగించి ఉంటుంది. బొమ్మ లేనిచోట ఆ వల కళ్లు మూసేస్తారు. రబ్బరు బద్దతో సిరాను లాగితే తెరిచి ఉన్నచోటి నుంచి మాత్రమే కాగితం మీదికి దిగుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో తెర. ఏడు రంగుల బొమ్మంటే అదే కాగితం ఏడుసార్లు తెర కిందికి వెళ్లాలి, ఏడుసార్లు ఆరాలి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట కూర్చోవాలి. ఇది చూసినవారికి ధర ఎందుకంత ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

చుక్కల్లోకి చూడండి

అసలు విద్య ఇక్కడే ఉంది. పాత కామిక్స్‌లో చౌకగా రంగులు వేయడానికి చుక్కల పద్ధతి వాడేవారు. 1879లో బెంజమిన్ డే కనిపెట్టినందున వాటికి బెన్ డే చుక్కలని పేరు. 1960లలో అమెరికన్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ ఆ చుక్కలనే పెద్దవిచేసి చిత్రకళలోకి తెచ్చాడు. కాబట్టి ఈ ప్రింట్లలో చుక్కలు కనిపించగానే ‘ఇది పత్రికలు, పోస్టర్లు వేసే మామూలు ఆఫ్‌సెట్ అచ్చు’ అని తీసిపారేయకండి.

పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకుని ఒక్క గులాబిరంగు చుక్క మీద పెట్టండి. స్క్రీన్ ప్రింట్ అయితే ఆ చుక్క అంతా ఒకే రంగు సిరా, అంచు తేటగా ఉంటుంది. రెండు రంగులు కలిసేచోట ఒకటి ఇంకొకదాని మీద ఎక్కినట్టు తెలుస్తుంది. అదే చుక్క లోపల మళ్లీ నీలం, ఎరుపు, పసుపు చిన్నచిన్న చుక్కలు పువ్వు రేకుల్లా గుమిగూడి ఉంటే అది ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసిన నకలు. రంగు తుంపర చల్లినట్టుంటే ఇంక్‌జెట్.

అంకెలు, సంతకం

కింది అంచున 37/150 అని ఉంటే మొత్తం 150 ప్రతుల్లో అది 37వ నంబరు. నంబరు చిన్నదైతే ప్రింటు గొప్పదని కాదు. ఏ.పి. అని ఉంటే చిత్రకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతి. సంతకం చాలావరకు పెన్సిల్‌తోనే ఉంటుంది. వాలుగా వెలుతురు పడేలా పట్టుకుంటే పెన్సిల్ నొక్కుడు కనబడాలి. అసలు పేరు బయటపెట్టని బ్రిటన్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ పేరుతో ఎవరైనా అమ్మజూపితే, ఆయన తరఫున 2008లో మొదలైన పెస్ట్ కంట్రోల్ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం లేకుండా ముట్టుకోవద్దు.

కొనేటప్పుడు

చిత్రకారుల వెబ్‌సైట్లలో పేరు నమోదు చేసుకోండి. లండన్‌లో మధ్యాహ్నం 12కు అమ్మకం మొదలైతే మనకు చలికాలంలో సాయంత్రం 5:30, వేసవిలో 4:30. ధరకు రవాణా, కస్టమ్స్ సుంకం, పన్ను కలిపి లెక్కవేసుకోండి. రసీదు పారేయకండి.

పటం కట్టించేటప్పుడు

నా మొదటి ప్రింటును పటం కట్టడానికి ఇచ్చి మర్నాడు వెళ్లేసరికి, ఫ్రేముకు సరిపోలేదని కింది అంచు అంగుళం మేర కోసేశారు. “బొమ్మ అంతా ఉందిగా అండీ” అన్నాడు పటం కట్టినాయన. నంబరు, సంతకం ఆ అంగుళంలోనే ఉన్నాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే ముందే చెప్పండి: కాగితాన్ని కోయకూడదు, జిగురుతో అట్టకు అతికించకూడదు, సెల్లోటేపు అసలే వద్దు. ఆమ్లం లేని మౌంటు బోర్డు (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట) వేయించి, అద్దానికి, కాగితానికి మధ్య ఖాళీ ఉంచమనండి. లేకపోతే మన ఉక్కపోతకు సిరా అద్దానికి అంటుకుంటుంది.

చౌక కామిక్స్ కాగితం చెక్కగుజ్జుది కనుక పసుపెక్కి పొడిపొడి అయ్యేది. మంచి ప్రింట్లు నూలు కాగితం మీద వేస్తారు, అది చాలాకాలం నిలుస్తుంది. కానీ రంగులు ఎండకు వెలిసిపోతాయి. పడమటి ఎండ పడే గోడకు, వంటింటి గోడకు తగిలించకండి.

దసరాకు ఇల్లు దులిపే రోజున పటాన్ని దించి వెనకవైపు చూడండి: చెమ్మ మరక, చెదల మట్టి గీత ఉన్నాయేమో. అద్దం తుడిచేటప్పుడు నీళ్లు గుడ్డ మీద చల్లుకోండి. అద్దం మీద చల్లితే ఫ్రేము అంచు నుంచి లోపలికి దిగుతాయి.