డిలీట్ అయిన ఫైళ్ల మీద కొత్త డేటా పడకుండా కాపాడుకోవడం: సమస్య - పరిష్కారం

పెళ్లి ఫోటోలున్న మెమరీ కార్డు ఉన్నట్టుండి ఖాళీగా కనబడితే ఎవరికైనా గుండె జారిపోతుంది. ఆ టెన్షన్‌లో చేతికి తోచిందల్లా చేసేస్తాం. కార్డు పనిచేస్తోందో లేదో అని ఒక షాట్ కొట్టి చూస్తాం. రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసి, ఫైళ్లు పోయిన డ్రైవ్‌లోనే ఇన్‌స్టాల్ చేస్తాం. డిలీట్ చేసినప్పుడు పోని డేటా ఈ పనులతో పోతుంది. కాబట్టి ముందు చేతులు ఆపండి. తర్వాత మీ పరిస్థితికి సరిపోయే భాగం చదవండి.

కెమెరాలో ఫోటోలు డిలీట్ అయ్యాయి, లేదా కార్డు ఫార్మాట్ అయింది

కారణం: ఏ ఫైల్ ఎక్కడ ఉందో రాసుకునే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. 32 జీబీ దాకా ఉండే కార్డుల్లో మామూలుగా ఫ్యాట్32, అంతకంటే పెద్ద కార్డుల్లో ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ ఉంటుంది. డిలీట్ నొక్కినప్పుడు కెమెరా ఫోటోని చెరపదు. ఫైళ్ల జాబితాలో దాని ఎంట్రీకి కొట్టివేత గుర్తు పెట్టి, అది ఉన్న చోటు ఇక ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. పాస్‌బుక్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పంట మాయం కాదు, ఇంకొకరు వచ్చి దున్నితేనే పోతుంది. కెమెరాలో చేసే మామూలు ఫార్మాట్ కూడా చాలావరకు ఇలాంటిదే. కానన్ కెమెరాల్లో 'లో లెవెల్ ఫార్మాట్' అని విడిగా ఒక టిక్ ఉంటుంది. అది పెట్టి చేసి ఉంటే మాత్రం ఆశ బాగా తగ్గిపోతుంది. విండోస్‌లో 'క్విక్ ఫార్మాట్' టిక్ తీసేసి చేసినా అంతే. విండోస్ విస్టా నుంచి ఆ ఫుల్ ఫార్మాట్ డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుంది.

పరిష్కారం: కెమెరా ఆఫ్ చేసి కార్డు తీసేయండి. పెళ్లి ఇంకా జరుగుతుంటే వేరే కార్డు పెట్టి షూట్ కొనసాగించండి. జీలకర్ర బెల్లం ఫోటోలు పోయాయని తలంబ్రాలు వదులుకోలేం కదా. కానీ తలంబ్రాలు అదే కార్డులో తీస్తే, అవి వెళ్లి పడేది జీలకర్ర బెల్లం ఉన్న చోటే కావచ్చు.

ఎస్డీ కార్డు అంచున చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది. దాన్ని 'లాక్' అని రాసి ఉన్న వైపుకి జరపండి. మైక్రో ఎస్డీకి ఈ మీట ఉండదు, దాని అడాప్టర్‌కి ఉంటుంది. ఈ చిన్న పని చాలామంది చేయరు, నేను మాత్రం దీన్ని అస్సలు వదలొద్దంటాను. ఎందుకంటే కార్డు కంప్యూటర్‌కి పెట్టగానే, మీరేమీ నొక్కకపోయినా, విండోస్ దాని మీద 'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' అనే ఫోల్డర్ రాయవచ్చు. మ్యాక్ కూడా కంటికి కనబడని తన ఫోల్డర్లు రాసుకుంటుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఆ మీట కార్డు లోపల ఏదీ ఆపదు. దాన్ని గమనించి రాయకుండా ఉండాల్సింది కార్డ్ రీడరే. నాసిరకం రీడర్లు కొన్ని దాన్ని పట్టించుకోవు. మంచి రీడర్ వాడండి.

ఇప్పుడు కార్డుకి ఇమేజ్ తీయండి. అంటే కనబడే ఫైళ్ల కాపీ కాదు, ఖాళీ అనుకుంటున్న చోటుతో సహా మొదటి నుంచి చివరిదాకా మొత్తం ఒకే ఫైల్‌గా కాపీ. విండోస్‌లో విన్32 డిస్క్ ఇమేజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీయవచ్చు. దాంట్లో 'రీడ్' పక్కనే 'రైట్' బటన్ ఉంటుంది. కార్డు నుంచి తీసుకోవడానికి నొక్కాల్సింది రీడ్. రైట్ నొక్కితే కార్డు మొత్తం చెరిగిపోతుంది. లాక్ మీట ఎందుకు వేయమన్నానో ఇక్కడ ఇంకోసారి అర్థమవుతుంది. 'రీడ్ ఓన్లీ అలొకేటెడ్ పార్టిషన్స్' అనే టిక్ పెట్టకండి. 64 జీబీ కార్డుకి కంప్యూటర్‌లో 64 జీబీ ఖాళీ కావాలి. ఆ డ్రైవ్ ఫ్యాట్32 అయితే పనికిరాదు, ఎందుకంటే అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. కార్డు చదవడంలో ఎర్రర్లు వస్తుంటే లైనక్స్‌లో (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఉండే డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ మేలు. అది ముందు బాగున్న భాగాలు తీసుకుని, పాడైన చోటికి తర్వాత వస్తుంది.

ఇమేజ్ వచ్చాక కార్డుని కవర్లో పెట్టి, పేరు రాసి పక్కన పెట్టేయండి. ఇక పనంతా ఇమేజ్ మీదే. డిలీట్ మాత్రమే అయితే ముందు టెస్ట్‌డిస్క్‌తో చూడండి, ఫైల్ పేర్లతో సహా దొరికే అవకాశం ఉంటుంది. ఫార్మాట్ అయి ఉంటే ఫోటోరెక్ నడపండి. రెండూ ఉచితమే. ఫోటోరెక్ ఫైల్ సిస్టమ్ జోలికి పోకుండా, జేపెగ్, 'రా' (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫోటో) ఫైళ్ల మొదట ఉండే గుర్తులను బట్టి వాటిని వెతికి తీస్తుంది. పాత పేర్లు రావు, కానీ ఫోటో లోపల తీసిన తేదీ, టైమ్ అలాగే ఉంటాయి. వాటిని బట్టి వరస పెట్టుకోవచ్చు. దొరికిన ఫైళ్లు సేవ్ చేసేది ఎప్పుడైనా వేరే డ్రైవ్‌లోనే.

కార్డు లేదా పెన్‌డ్రైవ్ పెడితే 'ఫార్మాట్ చేయండి' అని అడుగుతోంది

కారణం: ఫైళ్ల జాబితా ఉండే భాగం దెబ్బతింది. రాస్తుండగా కార్డు పీకేయడం, బ్యాటరీ అయిపోవడం లాంటివాటి వల్ల ఇలా జరుగుతుంది. ఫోటోలు చాలాసార్లు లోపల క్షేమంగానే ఉంటాయి.

పరిష్కారం: క్యాన్సిల్ నొక్కండి. వేరే రీడర్, వేరే పోర్ట్‌లో పెట్టి చూడండి, ఒక్కోసారి తప్పంతా రీడర్‌దే అయి ఉంటుంది. అప్పటికీ అడుగుతుంటే పైన చెప్పినట్టు ఇమేజ్ తీసి పని మొదలుపెట్టండి. విండోస్ చూపించే 'స్కాన్ అండ్ ఫిక్స్' గానీ చెక్‌డిస్క్ గానీ నడపకండి. వాటి పని ఫైల్ సిస్టమ్‌ని సరిచేయడం, మీ ఫోటోలు కాపాడడం కాదు. సరిచేసే క్రమంలో అదే కార్డు మీద రాసేస్తాయి.

పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేశాను, రీసైకిల్ బిన్‌లో లేదు

విండోస్‌లో పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి మామూలుగా బిన్‌కి వెళ్లవు, నేరుగా పోతాయి. దారి మెమరీ కార్డుదే: వెంటనే తీసేయడం, ఇమేజ్, ఆ తర్వాత రికవరీ. పెన్‌డ్రైవ్‌లకి లాక్ మీట చాలా అరుదు కాబట్టి లైనక్స్‌లో రీడ్ ఓన్లీగా తెరవడం మంచిది.

లాప్‌టాప్‌లో షిఫ్ట్ డిలీట్ కొట్టేశాను

ముందు తేల్చుకోవాల్సింది లోపల ఉన్నది తిరిగే పళ్లేలుండే హార్డ్ డిస్కా, చిప్‌లతో పనిచేసే ఎస్ఎస్‌డీనా అని. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ పక్కనే అది కనబడుతుంది.

హార్డ్ డిస్క్ అయితే, అదీ సీ డ్రైవ్ అయితే, కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ప్రమాదమే. మీరు ఖాళీగా కూర్చున్నా బ్రౌజర్ క్యాష్, అప్‌డేట్లు, పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) రాస్తూనే ఉంటాయి. వారానికోసారి నడిచే, డిస్క్‌ని సర్దే డీఫ్రాగ్ ఫైళ్లని అటూ ఇటూ జరుపుతుంది. కాబట్టి ఆఫ్ చేయండి, కానీ 'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్' ఎంచుకోకండి. డిస్క్ తీయించి, యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి పెట్టి అక్కడి నుంచి రికవరీ చేయండి. తీయడం కుదరకపోతే లైనక్స్ వేసిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ స్టార్ట్ చేయండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కావాలి, చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తుంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ నడపకండి. ఆఫ్ చేసి, డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి.

ఎస్ఎస్‌డీ అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. విండోస్ 7 నుంచి, ఫైల్ డిలీట్ అవగానే 'ఈ చోటు నాకిక అక్కర్లేదు' అని సిస్టమ్ డ్రైవ్‌కి చెప్పేస్తుంది. దీన్నే ట్రిమ్ అంటారు. ఆ మాట అందాక చాలా డ్రైవ్‌లు ఆ చోటు చదవమంటే సున్నాలే ఇస్తాయి. తర్వాత ట్రిమ్ ఆపేసినా పోయింది తిరిగి రాదు. కరెంటు అందుతున్నంతసేపు డ్రైవ్ తనంతట తాను శుభ్రం చేసుకుంటూ పోతుంది కాబట్టి, రాయకుండా ఆపడం కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు. అందుకే ముందు కాపీల కోసం వెతకండి: వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్ (పర్సనల్ అకౌంట్‌కి 30 రోజులు), విండోస్ ఫైల్ హిస్టరీ బ్యాకప్, మెయిల్‌లో పంపిన అటాచ్‌మెంట్, వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్. బయట యూఎస్‌బీకి పెట్టే ఎస్ఎస్‌డీలకి ట్రిమ్ మాట ఒక్కోసారి చేరదు, అక్కడ మాత్రం రికవరీ ప్రయత్నించి చూడవచ్చు.

ఫోన్‌లో ఫోటోలు డిలీట్ అయ్యాయి

గూగుల్ ఫోటోస్ ట్రాష్ చూడండి. బ్యాకప్ అయినవైతే 60 రోజులు, కానివైతే 30 రోజులు ఉంటాయి. ఐఫోన్‌లో 'రీసెంట్లీ డిలీటెడ్' ఆల్బమ్ 30 రోజులు. గ్యాలరీ, ఫైల్ మేనేజర్ యాప్‌లకి కూడా సొంత ట్రాష్ ఉండవచ్చు. వాట్సాప్ ఫోటో అయితే పంపినవాళ్లని అడగండి, అది అన్నిటికంటే సులువు.

ట్రాష్‌లోంచి కూడా పోతే, ఇప్పటి ఫోన్ల లోపలి మెమరీ నుంచి తిరిగి తేవడం దాదాపు కుదరదు. లోపలి స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేని రూపంలో) ఉంటుంది, ఖాళీ చేసిన చోటుని ఫోన్ ఎస్ఎస్‌డీ లాగే తుడిచేస్తుంది. రికవరీ యాప్‌లు చూపించేవి ఎక్కువగా క్యాష్‌లో మిగిలిన చిన్న సైజు థంబ్‌నెయిల్స్. వాటికి డబ్బు కట్టకండి. ఫోన్‌లో వేసిన మెమరీ కార్డులో పోతే ఆశ ఉంది. కార్డు తీసి మొదటి భాగంలో చెప్పినట్టు చేయండి.

రికవర్ అయిన ఫోటో సగం బూడిద రంగులో ఉంది, వీడియో ప్లే కావడం లేదు

ఆ ఫైల్ కొంత భాగం మీద కొత్త డేటా పడి ఉండవచ్చు, లేదా ఫైల్ ముక్కలుముక్కలుగా కార్డు అంతా చెదిరి ఉండవచ్చు. షూట్ మధ్యలో చోటు కోసం కొన్ని ఫోటోలు ఏరి డిలీట్ చేసే అలవాటు ఉంటే తర్వాతి ఫైళ్లు ఆ ఖాళీల్లో విడివిడిగా పడతాయి. ఫోటోరెక్ లాంటివి వాటిని అతికించలేవు. అలా డిలీట్ చేయడం మానేసి, కార్డు మార్చుకోండి. కార్డు నిండే కొద్దీ ఫోటోలన్నీ ఇలాగే వస్తుంటే అది నకిలీ కార్డు కావచ్చు. 256 జీబీ అని ముద్రించి లోపల చాలా తక్కువ మెమరీ ఉన్నవి దొరుకుతున్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ విషయం తేల్చి చెబుతుంది, కానీ అది కార్డు నిండా రాస్తుంది. రికవరీ అంతా అయ్యాకే నడపాలి.

సీసీ కెమెరా డీవీఆర్‌లో కావాల్సిన రోజు ఫుటేజ్ లేదు

డిస్క్ నిండగానే డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. రికార్డింగ్ ఎంత సేపు నడిస్తే అంత పాత ఫుటేజ్ పోతుంది కాబట్టి వెంటనే పవర్ తీసేయండి. దుకాణానికి కెమెరా తప్పనిసరి అయితే కొత్త డిస్క్ వేయించుకుని, పాతది పక్కన పెట్టండి. ఆ డిస్క్‌ని విండోస్‌కి పెడితే 'ఇనిషియలైజ్ చేయాలా' అని అడగవచ్చు, ఒప్పుకోకండి. డీవీఆర్ కంపెనీలు చాలావరకు సొంత ఫార్మాట్ వాడతాయి, విండోస్‌కి అది అర్థం కాదు. ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు డీవీఆర్ మోడల్, కావాల్సిన కెమెరా నంబరు, తేదీ, గంట రాసివ్వండి. డీవీఆర్ గడియారానికీ అసలు టైమ్‌కీ ఎంత తేడా ఉందో అది కూడా రాయండి.