తడిమి చూసే గడియారంలో ముల్లు జారినప్పుడు

సమావేశంలో ఎదుటివారు మాట్లాడుతుండగా గడియారం వైపు చూడడం మర్యాద కాదనిపించి, మూత తెరిచి వేలితో ముళ్లను తడిమి సమయం తెలుసుకునే చేతి గడియారాన్ని వాడడం మొదలుపెట్టాను. 12 దగ్గర మూడు చుక్కలు, 3, 6, 9 దగ్గర రెండేసి, తక్కినచోట్ల ఒక్కొక్కటి ఉబ్బెత్తుగా ఉంటాయి.

కొన్ని నెలలకు అది అరగంట వెనకబడింది. బ్యాటరీ మార్చినా ఫలితం లేకపోయింది. ఒకరోజు నిదానంగా తడిమినప్పుడు నిమిషాల ముల్లు సరిగ్గా 12 మీద ఉండగా, గంటల ముల్లు 4కూ 5కూ నడిమధ్యన తగిలింది. అంటే యంత్రం సరిగానే నడుస్తోందని, నిమిషాల ముల్లు మాత్రమే ఇరుసు మీద జారిందని అర్థమైంది. తప్పు నాదే: వేలిని అంచు వెంబడి గుండ్రంగా రాస్తూ ముల్లును రోజూ కొంచెం కొంచెంగా నెడుతున్నాను. (18వ శతాబ్దం చివర గడియారాల తయారీదారు బ్రెగే చేసిన స్పర్శ గడియారాలలో బయటి బాణాన్ని అది ఆగేవరకు తిప్పి సమయం గ్రహించేవారు, ఆ ఉపాయంలోని తెలివి నాకు అప్పుడు బోధపడింది.)

మరమ్మతు చేసే వ్యక్తి నిమిషాల ముల్లును తీసి, గంటల ముల్లు నిక్కచ్చిగా 12 మీదికి వచ్చేవరకు కీ తిప్పి, రెండింటినీ ఒకే వరుసలో ఉంచి గట్టిగా నొక్కి బిగించాడు. ఇప్పుడు వేలిని పక్కకు జరపకుండా, పైనుంచి తేలికగా ఆనించి ఎత్తుతున్నాను.