మధ్యయుగపు నైట్ల ధర్మాన్ని చదవడం ఎలా?

మధ్యయుగ ఐరోపాలో గుర్రమెక్కి పోరాడే యోధులైన నైట్ల గురించి తెలుసుకోదలచినవారు వారి ప్రమాణాలతో కాక, గుర్రంతో మొదలుపెట్టడం మంచిది. వారి ధర్మాన్ని సూచించే షివల్రీ అనే మాటకు మూలం ఫ్రెంచిలో గుర్రాన్ని సూచించే 'షెవాల్' అనే పదమే. యుద్ధాశ్వం, కవచం, వాటిని చూసుకునే పరిచారకులు లేనివాడు ఎంత శూరుడైనా నైట్‌గా నెగ్గుకురావడం కష్టం. ఈ ఖర్చును గుర్తుంచుకుంటే వారి శౌర్యం, ఔదార్యం, దయ అన్నీ కొంత వేరుగా కనిపిస్తాయి.

తరువాత ఒక్క మనిషి జీవితాన్ని పట్టుకోండి. నా సలహా 1219లో మరణించిన విలియం మార్షల్. తండ్రి ఆస్తిపై ఆశ పెట్టుకోలేని చిన్న కొడుకుగా పుట్టి, చివరికి బాలరాజు మూడో హెన్రీ తరఫున ఇంగ్లండు పాలనను నడిపించినవాడు. 1160లలో నైట్ అయిన కొత్తలో, తన తొలి పోరులోనే అతడు గుర్రాన్ని పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి విందులో ఒక ప్రభువు, పాత మెడపట్టీ అయినా సరే, ఏదైనా గుర్రపు సామాను కానుకగా ఇమ్మని అడిగాడు. నా దగ్గర ఎప్పుడూ లేదే అని మార్షల్ అమాయకంగా బదులిస్తే, ఈ రోజు నలభయ్యో అరవయ్యో నీ చేతికి చిక్కాయి కదా అని ఆ ప్రభువు ఎత్తిపొడిచాడు, అందరూ నవ్వారు. ఓడినవారి గుర్రాలను పట్టుకోవాలన్న ధ్యాసే అతడికి లేకపోయిందన్నమాట. మరో గుర్రం కొనడానికి అతడు తన అంగీని అమ్ముకోవలసి వచ్చింది. ఈ కథ చెప్పే పద్యకావ్యాన్ని అతడి కొడుకే రాయించాడు గనుక, అందులోని పొగడ్తలను కొంత తగ్గించి చదవండి. ఇలాంటి తలవంపులను మాత్రం వదలకండి.

సద్గుణాల జాబితా ఎదురైనప్పుడు, ఈ గుణం ఎవరి పట్ల అని అడగండి. 1356లో ప్వాతియే యుద్ధంలో బందీగా చిక్కిన ఫ్రాన్సు రాజు రెండో జాన్‌కు, గెలిచిన ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్ స్వయంగా భోజనం వడ్డించాడని ఆ కాలపు చరిత్రకారుడు ఫ్రోసార్ వర్ణించాడు. 1360 నాటి ఒప్పందంలో ఆ రాజు విడుదలకు ఖరారైన సొమ్ము 30 లక్షల ఎక్యూలనే బంగారు నాణేలు. ప్వాతియేకు ముందటి ఏడాదే అదే యువరాజు సేన దక్షిణ ఫ్రాన్సులోని కార్కసోన్ దిగువ పట్టణాన్ని తగలబెట్టింది. అక్కడివారికి ఆ మర్యాద దక్కలేదు.

నిషేధాలను కూడా చూడండి, ఎందుకంటే జరగని పనిని ఎవరూ నిషేధించరు. 1130లో క్లెర్మాంలో చర్చి సభ టోర్నమెంట్లను, అంటే నైట్ల పోరాట పోటీలను, తప్పుపట్టింది. ఆ నిషేధాన్ని పోపు 1316లో ఎత్తివేసేదాకా నైట్లు వాటిని ఆడుతూనే ఉన్నారు.

అలాగని అంతా డబ్బు లెక్కే అని తీర్మానించబోయే ముందు ఫ్రెంచి నైట్ జాఫ్రుఆ ద షార్నీని చదవండి. నైట్ల ప్రవర్తన గురించి గ్రంథం రాసిన ఇతడే, 1349 చివర సంధి అమలులో ఉండగా, లంచమిచ్చి ఇంగ్లండు అధీనంలోని కలే పట్టణాన్ని చేజిక్కించుకోవాలని చూసి పట్టుబడ్డాడు. ప్వాతియేలో రాజు చుట్టూ ఫ్రెంచి సేన కూలిపోతున్నప్పుడు మాత్రం, చేతబట్టిన రాజ్యపతాకను విడవకుండా అక్కడే నిలబడి చనిపోయాడు.