సుపీరియర్ సరస్సులో సర్ఫింగ్ ఫోటోలు: నీటి సంరక్షణకు పనికొచ్చేలా ఎలా తీయాలి?

కొల్లేరు చూసిన కళ్లకు సరస్సులో సర్ఫింగ్ అంటే నమ్మబుద్ధి కాదు. కానీ అమెరికా, కెనడాల మధ్యనున్న సుపీరియర్ పొడవు సుమారు 560 కిలోమీటర్లు. అంత మేరా గాలి ఒకే దిక్కున తోసుకొస్తే మంచినీళ్లలోనూ మనిషెత్తు కెరటం లేస్తుంది. మినియాపొలిస్‌లోని తెలుగువాళ్లకు ఈ సరస్సు ఒడ్డునున్న డులూత్ రెండున్నర గంటల ప్రయాణం. అక్కడి నుంచి ఉత్తర తీరం వెంబడి కాస్త ముందుకెళ్తే సర్ఫర్లు చేరే స్టోనీ పాయింట్ వస్తుంది.

రోజు ఎంచుకోవడం

శరదృతువు చివరి తుపానులే ఇక్కడ సీజన్. ఈశాన్య గాలి కావాలి, ఎందుకంటే సరస్సు పొడవంతా దాటి వచ్చేది అదే. పడమటి గాలి ఎంత హోరుగా వీచినా అది ఒడ్డు నుంచి సరస్సు లోపలికి పోయేదే. వాతావరణ బాయ్‌ల (నీటి మీద తేలుతూ అలలను కొలిచే పరికరాల) లెక్కల్లో అల ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరకండి. అలకూ అలకూ మధ్య 4 సెకన్లే ఉంటే నీళ్లు కలగాపులగంగా ఎగురుతాయి తప్ప సర్ఫింగ్ కుదరదు. 6, 7 సెకన్లుంటే వెళ్లొచ్చు. గాలి తగ్గుముఖం పట్టిన తొలి గంటల్లో కెరటం నునుపుగా విరుగుతుంది.

ఒడ్డు మీద

నీళ్లలోకి దిగొద్దు, 100–400 మి.మీ. జూమ్ లెన్స్ చాలు. షటర్ 1/1600, ఎఫ్ 8, ఐఎస్ఓ ఆటోలో పెట్టి పైహద్దు 3200. మంచు పరుచుకుని ఉంటే ఎక్స్‌పోజర్ +0.7కు పెంచండి, లేదంటే కెమెరా ఆ తెలుపును బూడిదరంగు చేసేస్తుంది. తుంపర అడ్డొచ్చినప్పుడు ఫోకస్ దాని మీదికి దూకుతుంది కాబట్టి ట్రాకింగ్ సెన్సిటివిటీ (ఫోకస్ ఎంత త్వరగా వేరే వస్తువు మీదికి మారాలో చెప్పే సెట్టింగ్) తగ్గించుకోవాలి.

ఉప్పు లేదు గనుక కెమెరా తుప్పు పట్టే భయం తక్కువ. అసలు ఇబ్బంది గడ్డకట్టడం. లెన్స్ మీద పడ్డ చుక్కను నోటితో ఊది తుడిస్తే ఆ ఆవిరి కూడా పొరలా గడ్డకడుతుంది. పొడి మైక్రోఫైబర్ గుడ్డలు మూడైనా ఉంచుకోండి. అదనపు బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో ఉండాలి. ఇంటికి చేరాక కెమెరాను బయటే జిప్ సంచిలో మూసి, లోపలికి తెచ్చి రెండు గంటలు ముట్టుకోకుండా వదిలేయండి.

తడిసిన బండల మీద కనిపించని మంచు పొర ఉంటుంది. సరస్సుకు వీపు పెట్టి నిలబడకండి, ఒంటరిగా అసలే వెళ్లకండి.

సర్ఫర్ బయటికి వచ్చిన క్షణాన తలకు తొడుక్కున్న హుడ్ అంచుకు వేలాడే మంచు పుల్లలు, తెల్లబడ్డ కనురెప్పలు దగ్గరగా తీయండి, ముందు అడిగి. పదిమందినీ ఆపేది ఆ ఫోటోనే.

సంరక్షణకు పనికొచ్చే ఫోటోలు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. తుపాను రోజు ఫోటో చూపించి ‘నీటిమట్టం పెరిగిపోయింది’ అని రాస్తారు. గాలి నీటిని ఒక కొసకు నెట్టుకుపోయి అక్కడ మట్టాన్ని పెంచుతుంది, గాలి ఆగగానే అది వెనక్కి ఊగుతుంది. అందుకే గాలిలేని రోజున అదే చోట, అదే ఫోకల్ లెంగ్త్‌తో, ఓ కదలని బండ ఫ్రేములో ఉండేలా మళ్లీ తీయండి. నెలకోసారి తీస్తే ఇంకా మంచిది.

తుపాను రోజుది, గాలిలేని రోజుది అయ్యాక మూడో ఫోటో తుపాను మర్నాడు. అల వదిలి వెళ్లిన చెత్త గీత మీద మీటరు చదరం గీసి, పక్కన స్కేలు పెట్టి, నిలువుగా పైనుంచి తీయండి. గులకరాళ్ల మధ్య పప్పుబద్దంత ప్లాస్టిక్ గుళికలు దొరకొచ్చు, ఏరి లెక్కపెట్టండి. ‘అలయన్స్ ఫర్ ద గ్రేట్ లేక్స్’ వాళ్ల అడాప్ట్ ఎ బీచ్ కార్యక్రమంలో వలంటీర్లు చెత్తను రకాలవారీగా నమోదు చేస్తారు. అందులో చేరితే మీ లెక్క వృథా పోదు.

దక్షిణ తీరాన, విస్కాన్సిన్ వైపు, వాన తర్వాత నీళ్లు ఎర్రగా కనిపిస్తే మురుగు అని రాసేయకండి, అక్కడి ఎర్రమట్టి కొట్టుకొచ్చి ఉండొచ్చు. ఈ ఫోటోల్లో రంగే సాక్ష్యం, కాబట్టి సాచురేషన్ (రంగుల గాఢత) జోలికి పోవద్దు. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్) దాచండి. కింద తేదీ, సమయం, చోటు, గాలి దిక్కు రాయండి.